రాజకుమారి: ప్రవాస తెలుగు ర్యాప్ ప్రస్థానం

రాజకుమారి అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు ర్యాపర్, గీత రచయిత్రి. అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. 1986 జనవరి 11న కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు దంపతులకు పుట్టారు. చాలా ఏళ్లు ఇతరుల కోసం పాటలు రాసి, తర్వాత పెద్ద సంగీత కంపెనీలో సొంత గొంతు వినిపించి, చివరికి తన రికార్డులను తానే విడుదల చేసుకునే స్థితికి చేరారు. ర్యాప్‌లో తనలా తాను ఉండటానికి ఎంత శ్రమ పడాలో ఈ వరస చూస్తే తెలుస్తుంది.

చిన్ననాటి నుంచే కూచిపూడి, భరతనాట్యం, కథక్ నేర్చుకుని వేదికలెక్కారు. పదేళ్ల వయసు ప్రాంతంలో ఫ్యూజీస్ బృందం 1996లో తెచ్చిన 'ద స్కోర్' ఆల్బం ఆమె చెవిన పడింది. హిప్-హాప్ మీద మనసు పోయింది అప్పుడే. హైస్కూలు రోజుల్లో అప్పటికప్పుడు మాటలు అల్లి ర్యాప్ చెప్పడం మొదలుపెట్టారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖలో మత అధ్యయనాలు చదివారు.

నాట్యం ఆమె ర్యాప్‌కు అలంకారం కాదు, పునాది. నట్టువాంగంలో జతులు (నాట్యానికి పలికే లయ అక్షరాలు) చెప్పేవారు తాళం తప్పకుండా అక్షరాలను మూడుగా, నాలుగుగా, అయిదుగా విడగొడతారు. తిశ్రం, చతురశ్రం, ఖండం అనేవి ఇవే. ర్యాప్ సాధారణంగా నాలుగు దెబ్బల తాళం మీద నడుస్తుంది. ఆ నాలుగు మీద మూడు చొప్పున మాటలు పరిస్తే వినేవాడికి నడక పక్కకు జారినట్టు ఉంటుంది. జతిని ముగించే తీర్మానంలో ఒకే ముక్కను మూడుసార్లు చెప్పి సమం (తాళం మొదటి దెబ్బ) మీద వాలినప్పుడు కలిగే తృప్తే ర్యాప్‌లో ప్రాస సరిగ్గా దెబ్బ మీద పడినప్పుడూ కలుగుతుంది. కాళ్లకు గజ్జెలు కట్టి ఈ లెక్క నేర్చుకున్న పిల్లకు న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1973 ప్రాంతంలో పుట్టిన హిప్-హాప్ పరాయిదిగా తోచకపోవడంలో వింత లేదు. ఆమె పాటలు కొన్నింటిలో జతులు నేరుగా వినిపిస్తాయి. వినిపించని చోట కూడా నడకలో ఉంటాయని ఈ వ్యాసకర్త నమ్మకం.

హిప్-హాప్‌లో అండర్‌గ్రౌండ్ అంటే పెద్ద కంపెనీ అండ, రేడియో ప్రచారం లేకుండా చిన్న వేదికల మీద, సొంత ఖర్చుతో బతికే కళ. ముంబయి అంధేరిలో పెరిగిన డివైన్, కుర్లాకు చెందిన నేజీ ఆ దారిన వచ్చిన ర్యాపర్లు. రాజకుమారి కూడా మొదట అజ్ఞాతంగానే ఉన్నారు, కానీ అది వేరే రకం. ఆమె రాసిన పాటలు ప్రపంచమంతా మోగుతుంటే ఆమె పేరు మాత్రం క్రెడిట్లలో చిన్న అక్షరాల్లో ఉండేది. ర్యాపర్ ఇగ్గీ అజేలియా 2013లో పాడిన 'చేంజ్ యువర్ లైఫ్' ఆమె కలిసి రాసినదే. ఆ పాట ఉన్న 'ద న్యూ క్లాసిక్' ఉత్తమ ర్యాప్ ఆల్బం విభాగంలో గ్రామీకి నామినేట్ అయింది. రాక్ బృందం ఫాల్ అవుట్ బాయ్ 2014 పాట 'సెంచురీస్' రచయితల్లోనూ ఆమె ఉన్నారు. ఫిఫ్త్ హార్మనీ అనే గాయనుల బృందానికీ రాశారు. ఇతరుల గొంతుకు సరిపోయేలా రాయడం గొప్ప శిక్షణే. కానీ ర్యాప్‌లో మాట ఎవరిదో బతుకూ వారిదే కావాలని వినేవాళ్లు అడుగుతారు. ఆమె తన బతుకు తాను చెప్పుకోవాల్సిన అవసరం అక్కడ వచ్చింది.

2016లో పెద్ద సంగీత కంపెనీ ఎపిక్ రికార్డ్స్ ఆమె 'ద కమ్ అప్' అనే ఈపీ (కొద్ది పాటల చిన్న ఆల్బం) విడుదల చేసింది. 2017లో డివైన్‌తో కలిసి 'సిటీ స్లమ్స్', మరుసటి ఏడాది 'రూట్స్' చేశారు. ఈ రెండూ ఆమెను భారతదేశపు గల్లీ ర్యాప్ (వీధి బతుకులు చెప్పే ర్యాప్) శ్రోతల ముందు నిలబెట్టాయి. 2019 ఫిబ్రవరిలో 'గల్లీ బాయ్' సినిమా వచ్చి ఆ కళను దేశమంతటికీ తెలిపింది. అదే ఏడాది ఎంటీవీ ర్యాప్ పోటీ 'హసల్'కు ర్యాపర్ రఫ్తార్, సంగీత నిర్మాత న్యూక్లియాతో పాటు ఆమె న్యాయనిర్ణేత. 'బ్లడ్‌లైన్' ఈపీ కూడా ఆ సంవత్సరానిదే.

తెలుగు రాష్ట్రాల బయట పెరిగే తెలుగువారికి ఆమె కథలో తమది కనిపిస్తుంది. మహారాష్ట్రలోని సోలాపూర్ కొంతం చౌక్ చుట్టుపక్కల నేతపేటల్లో పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, హిందీ మాట్లాడుతూ బతుకుతున్నాయి. క్లేర్‌మాంట్‌లో ఆ బజారు భాష ఇంగ్లీషు. మగ్గాల మీద బతికే పేటకూ కాలిఫోర్నియా ఊరికీ బతుకుతెరువులో పోలిక లేదు. బజారు ఒత్తిడికి ఇంటి మాటను దాచుకోవాలా, బయటపెట్టాలా అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా పిల్లలను వెంటాడుతుంది. బొట్టు, నగలు, జతులతో అమెరికా వేదిక ఎక్కి రాజకుమారి తన జవాబు చెప్పారు.

ఇక ఆమె సొంత రికార్డుల సంగతి. సంగీత కంపెనీ ఒప్పందాల్లో ముఖ్యమైనది మాస్టర్ హక్కు, అంటే అసలు రికార్డింగు మీద యాజమాన్యం. సాధారణంగా కంపెనీ కళాకారుడికి ముందుగా డబ్బిస్తుంది. అమ్మకాల్లో అతని వాటా నుంచి అది తీరేదాకా రాయల్టీ చేతికి రాదు, మాస్టర్ కంపెనీ దగ్గరే ఉంటుంది. ఏ పాట రావాలి, ఎప్పుడు రావాలి అన్నది కూడా చాలాసార్లు వాళ్లే తేలుస్తారు. అందుకే తన మాట మీద తనకు అధికారం కావాలనుకునే ర్యాపర్‌కు సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) అసలు మెట్టు. రాజకుమారి 2022లో గాడ్‌మదర్ రికార్డ్స్ అనే లేబుల్ పెట్టారు. నటి మాధురీ దీక్షిత్ వీడియోలో కనిపించిన 'మేడ్ ఇన్ ఇండియా' పాట ఆ ఏడాదే వచ్చింది. తొలి పూర్తి ఆల్బం 'ద బ్రిడ్జ్' 2023లో సొంత లేబుల్ మీదే విడుదలైంది. మొదటి ఈపీకీ దీనికీ మధ్య ఏడేళ్లు గడిచాయి.

సొంత లేబుల్ పెట్టినా ఆమె సినిమా పాటలు మానలేదు. 2023 హిందీ సినిమా 'జవాన్' టైటిల్ గీతంలో ఆమె ర్యాప్ ఉంది. 2024 నవంబరులో వచ్చిన యానిమేషన్ సిరీస్ 'ఆర్కేన్' రెండో సీజన్ కోసం గాయనులు స్టెఫ్లాన్ డాన్, జరీనా డి మార్కోలతో 'రెనెగేడ్' పాడారు. ఆ సీజన్ పాటల ఆల్బం 2025లో అమెరికన్ మ్యూజిక్ అవార్డుల్లో సౌండ్‌ట్రాక్ విభాగం గెలిచింది. పెద్ద నిర్మాణాల్లో పాడటం, తనదనుకున్నది సొంత లేబుల్ మీద తేవడం అనే రెండు పనులనూ ఆమె పక్కపక్కనే నడుపుతున్నారు.

ఒక లోటు చెప్పక తప్పదు. ఆమె ర్యాప్‌లో ఇంగ్లీషు, హిందీ ఎక్కువ, తెలుగు తక్కువ. తెలుగుతనం లయలోనూ వేషంలోనూ నిలిచినంతగా మాటల్లో నిలవలేదు. తెలుగు మాటలతో ర్యాప్ కట్టే పని ఎక్కువగా హైదరాబాదులో జరిగింది. నోయెల్, రోల్ రైడా, ప్రణవ్ చాగంటి వంటి ర్యాపర్లు నగరపు మాటతీరును పాటల్లోకి తెచ్చారు. రోల్ రైడా 2018లో తెలుగు బిగ్‌బాస్ రెండో సీజన్‌లో పాల్గొనడంతో తెలుగు ర్యాపర్ అనే మనిషి టీవీ ముందు కూర్చునే ఇళ్లకు కూడా పరిచయమయ్యాడు.