పొట్లం కట్టడమూ ఒక విద్యే: లినక్స్‌లో మీడియా సెంటర్ ప్రయాణం



మందుల షాపులో కొన్న మాత్రల అట్టను ఒకసారి తిప్పి చూడండి. మందు పేరు, మోతాదు, తయారుచేసిన సంస్థ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ దానిమీద ఉంటాయి. జబ్బు తగ్గించేది మాత్రే కదా, మరి ఈ రాతంతా ఎందుకు? రేపు ఒక బ్యాచ్‌లో దోషం బయటపడితే, అది ఎక్కడెక్కడికి వెళ్లిందో తెలుసుకుని వెనక్కి తెప్పించడానికి. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ చేసే పని కూడా ఇదే. ఈ పాఠంలో మీడియా సెంటర్ అనే ఒక ప్రోగ్రాం కథను ఆధారం చేసుకుని, మంచి ప్యాకేజీకి ఉండాల్సిన లక్షణాలు ఎలా రూపుదిద్దుకున్నాయో తెలుసుకుందాం.

ప్యాకేజీ ఎలా పుట్టింది?

1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను ప్రకటించాడు. తొలి రోజుల్లో ఏ ప్రోగ్రాం కావాలన్నా దాని మూల సంకేతాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను తెచ్చుకుని, ఎవరి యంత్రం మీద వారే కంపైల్ చేసుకోవాల్సి వచ్చేది. ఏ ఫైలు ఎక్కడికి చేరిందో గుర్తుండేది కాదు. అందువల్ల తీసివేయడం ఇంకా కష్టం. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్ ప్రాజెక్టును ప్రారంభించాడు. 1995లో రెడ్ హ్యాట్ సంస్థ ఆర్‌పీఎం పద్ధతిని తెచ్చింది. 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1లో ఆప్ట్ అనే సాధనం చేరింది. ఒక ప్రోగ్రాం అడిగితే దానికి అవసరమైన మిగతా వాటన్నిటినీ ఇదే వెతికి తెచ్చిపెడుతుంది.

ఎక్స్‌బాక్స్ నుంచి లినక్స్‌కు

పాటలు, సినిమాలు, ఫొటోలు అన్నిటినీ టీవీ తెరపై రిమోట్‌తో నడిపించే ప్రోగ్రామే మీడియా సెంటర్. 2002లో ఎక్స్‌బాక్స్ అనే ఆటల యంత్రం కోసం కొందరు ఔత్సాహికులు ఒక ప్లేయర్ రాశారు. అదే తరువాత ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్, క్లుప్తంగా ఎక్స్‌బీఎంసీ, అయింది. ఆ యంత్రంలో ఉన్న మెమరీ 64 మెగాబైట్లే. బయటి నుంచి అరువు తెచ్చుకునే లైబ్రరీలూ లేవు. కాబట్టి ప్రోగ్రాం తనకు కావలసిన సామాను అంతా తన సంచిలోనే మోసుకు తిరిగేది. ఆ పరిస్థితిలో అది తప్పు కాదు.

2008లో ఆ ప్రోగ్రాం లినక్స్‌కు కూడా వచ్చింది. 2014లో దాని పేరు కోడి అని మారింది. నవ్వకండి, మన పెరటి కోడికీ దీనికీ సంబంధం లేదు! లినక్స్‌కు వచ్చాక కూడా పాత అలవాటు పోలేదు. తన లైబ్రరీల సంచిని వెంటబెట్టుకునే వచ్చింది. డెబియన్ నియమాలు దీనికి అడ్డు చెప్పాయి. ఎందుకు?

ఒకే ప్రతి ఎందుకు?

2002 మార్చిలో జడ్‌లిబ్ అనే చిన్న లైబ్రరీలో భద్రతా దోషం బయటపడింది. డేటాను కుదించే ఈ లైబ్రరీని లెక్కలేనన్ని ప్రోగ్రాములు వాడుకునేవి. వ్యవస్థలో ఉన్న ఉమ్మడి ప్రతిని వాడుకున్నవాటికి ఆ ఒక్క ప్యాకేజీని మారిస్తే సరిపోయింది. సొంత నకలు దాచుకున్నవాటిని మాత్రం ఒక్కొక్కటిగా వెతికి మరమ్మతు చేయాల్సి వచ్చింది. కెర్నల్‌లో కూడా ఒక నకలు ఉండేది! అందుకే మొదటి నియమం: లైబ్రరీ ఉమ్మడిగా ఉండాలి, నకళ్లు ఉండకూడదు.

అయితే ఈ నియమం అమలు అంత సులభం కాదు. వీడియోను విప్పి చూపే ఎఫ్ఎఫ్ఎంపెగ్ బృందం 2011లో చీలిపోయి, లిబ్‌ఏవీ అనే కొత్త శాఖ పుట్టింది. డెబియన్ లిబ్‌ఏవీని ఎంచుకుంది. ఎక్స్‌బీఎంసీ రచయితలు మాత్రం తమ ప్రోగ్రామును ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోనే పరీక్షించేవారు. దాంతో డెబియన్‌లో నడిచేది రచయితలు పరీక్షించిన కలయిక కాకుండా పోయింది. వీడియో సరిగా ఆడకపోతే తప్పు ఎవరిది? ఫిర్యాదు ఎవరికి చేయాలి? ఈ గందరగోళం తొలగించడానికి డెబియన్ కూర్పు తెరపై 'కోడి ఫ్రం డెబియన్' అని వేరుగా రాసుకుంది. చివరకు 2015 జూలైలో డెబియన్ తిరిగి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కే మారుతున్నట్లు ప్రకటించింది. ఇక్కడ నేర్చుకోవలసిందేమిటి? రచయితల కూర్పును మార్చవలసి వస్తే మార్చవచ్చు. కాని మార్చామని వాడేవారికి స్పష్టంగా చెప్పాలి.

రెండు వాక్యాల ఖరీదు

మార్పు ఎంత ప్రమాదకరం కాగలదో ఇంకొక ఉదాహరణ చూడండి. 2006లో డెబియన్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీని చూసుకునే వ్యక్తి, ఒక పరీక్షా సాధనం చూపిన హెచ్చరికను తొలగించడానికి రెండు వాక్యాల కోడ్‌ను తీసివేశాడు. రహస్య తాళంచెవులు ఊహకందకుండా చేసేవి ఆ వాక్యాలే. అవి పోయాక ఒకే రకం యంత్రం మీద ఒకే పొడవుతో తయారు కాగల తాళంచెవులు సుమారు 32 వేలే మిగిలాయి. కంప్యూటరుకు అన్నిటినీ ప్రయత్నించడం పెద్ద పనేమీ కాదు. ఈ లోపం 2008 మే 13న లోకానికి తెలిసింది. డెబియన్ పునాదిగా ఉన్న ఉబుంటుకూ ఇది పాకింది. ఆ వ్యక్తి మూల రచయితల జాబితాలో ముందే ఒక ప్రశ్న అడిగాడు. అయినా ఆ మార్పును వారు క్షుణ్ణంగా పరిశీలించడం జరగలేదు. మన దేశంలో సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా డెబియన్ పునాది మీదే నిర్మితమైంది. ఎగువన చెరువులో ఏది కలిస్తే దిగువన పొలాలన్నిటికీ అదే చేరుతుంది కదా!

ఎగువ నీరే కలుషితమైతే? 2024 మార్చిలో ఎక్స్‌జడ్ అనే కుదింపు సాధనపు 5.6.0, 5.6.1 కూర్పులలో ఎవరో దొంగదారి పెట్టినట్లు తెలిసింది. ఆ కోడ్‌ను పనిచేయించే ఒక భాగం అందరూ చూసే కోడ్ భాండారంలో లేదు. విడుదల కోసం కట్టిన మూటలోనే ఉంది. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయడంతో గుట్టు రట్టయింది. ఆ చిన్న అనుమానమే పెద్ద ముప్పును తప్పించింది.

మంచి ప్యాకేజీ లక్షణాలు

ఇప్పటివరకు చెప్పుకున్నవాటిని క్రోడీకరిద్దాం.

1. ఉమ్మడి లైబ్రరీలను వాడాలి. దేనిమీద ఆధారపడుతుందో తప్పక రాయాలి.
2. యంత్రాన్ని బట్టి మారే భాగాన్ని, మారని బొమ్మలు, అక్షరాల భాగాన్ని వేరుచేయాలి. డెబియన్‌లో కోడి ఇలాగే వేర్వేరు ప్యాకేజీలుగా ఉంటుంది.
3. చట్టపరమైన చిక్కులున్న భాగాన్ని విడిగా ఉంచాలి. పేటెంట్ల కారణంగా ఫెడోరా 2016 వరకు ఎంపీ3 వినిపించే భాగాన్ని తనతో ఇవ్వలేదు. ఆ పేటెంట్ల లైసెన్సు కార్యక్రమం 2017 ఏప్రిల్‌లో ముగిసింది.
4. చేసిన మార్పులను మూల రచయితలకు పంపి, వారితో పరీక్షింపజేయాలి.
5. ఒకే సోర్స్ నుంచి ఎవరు కట్టినా ఒకే ప్యాకేజీ రావాలి. డెబియన్‌లో 2013 నుంచి ఈ దిశగా కృషి సాగుతోంది.

విద్యార్థులారా, టీవీ తెరపై సినిమా హాయిగా ఆడుతున్నప్పుడు ప్యాకేజీ కట్టినవారు మనకు గుర్తురారు. వారి పని సరిగా జరిగిందనడానికి అదే గుర్తు. మీ కంప్యూటర్‌లోని ఏదైనా ఒక ప్యాకేజీ వివరాలు ఈ రోజే తెరిచి చూడండి.

ఆలోచించండి

1. ఎక్స్‌బాక్స్‌లో సరైన పద్ధతి లినక్స్‌లో ఎందుకు సరికాదు?
2. ఉమ్మడి లైబ్రరీలోనే దోషం ఉంటే కలిగే నష్టమేమిటి? లాభంతో పోల్చి రాయండి.