అడవిపొద పెరటి కెక్కిన వైనము



మా పెద్దవాఁడు అమెరికాలోని న్యూజెర్సీలోఁ గాపురమున్నాఁడు. ఒక వేసవి నేనచ్చట గడపితిని. వాని పెరటిలో రెండు బ్లూబెర్రీ మొక్కలు నీరసించి యుండఁగాఁ జూచి, సేద్యపుటింటఁ బుట్టిన నాకుఁ జేయి ఊరకుండలేదు. చివికిన పశువుల యెరువు తెప్పించి కుదుళ్లకు వేసితిని. చలిపొయ్యిలోని కట్టెబూడిద చల్లితిని. నెల తిరుగక మునుపే ఆకులు పసుపువన్నెకుఁ దిరిగెను. ఒక మొక్క యెండిపోయెను. కోడలు ఒక్కమాటయు ననలేదు. ఆ మౌనమే నన్ను గ్రంథాలయమునకుఁ బంపినది.

అచ్చటఁ జదువఁగాఁ దెలిసిన దేమనఁగా, నేను జేసిన తప్పును నాకు నూఱేండ్ల ముందే పలువురు చేసియుండిరి. బ్లూబెర్రీ ఉత్తరామెరికా అడవులలోఁ దనంతఁ దాను మొలచు పొద. పండు మన నేరేడు కంటెఁ జిన్నది, గుండ్రనిది. నీలితోలుపై బూడిదవంటి పూత యుండును. ఆదివాసులు తరతరములుగా దానిని కోసి తినుచు, ఎండఁబెట్టి చలికాలమునకు దాఁచికొనుచుండిరి. తోఁటలోఁ బాతినవారికి మాత్రము దక్కలేదు. మచ్చిక కాని మొక్క యని జనులు విడిచిరి.

ఆ దేశపు వ్యవసాయశాఖలోని వృక్షశాస్త్రజ్ఞుఁడు ఫ్రెడరిక్ కొవిల్ 1906లో దీనిపైఁ బరీక్ష లారంభించెను. పలువిధముల మట్టిలో నాటి చూచెను. ఎరువు దండిగా వేసిన మంచి తోఁటమట్టిలో మొక్కలు కృశించెను. పీటుమన్ను, ఇసుక కలిసిన పులుపునేలలో ఏపుగా నెదిగెను. మనము సారమనుకొనునదే దానికిఁ బథ్యము కాదు. సున్నము, బూడిదల క్షారము మఱింత చేటు. నేల పీహెచ్ మానము 4.5, 5 ప్రాంతముననుండవలె నని నేఁటి తోఁటమాలులు చెప్పుదురు. కొవిల్ తన పరీక్షలను 1910లోఁ బ్రకటించెను.

ఆ పుస్తకమును 1911లో న్యూజెర్సీ యందలి వైట్స్‌బాగ్ అను చోట ఎలిజబెత్ వైట్ అను నామె చదివెను. ఆమె తండ్రికిఁ జిత్తడినేలలలో క్రాన్‌బెర్రీ తోఁటలుండెను. ఆ పులుపునేలయే ఈ పరీక్షకుఁ దగినదని యెఱిఁగి, తమ తోఁటలోఁ బని సాగింపుమని కొవిల్‌కు వ్రాసెను. పిమ్మట ఆమె చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. చుట్టుపట్ల అడవులలోఁ బండ్లు కోసి జీవించువారిని బిలిచి, అంగుళములో ఎనిమిదింట ఐదువంతుల రంధ్రముగల రేకు ఇచ్చి, ఆ రంధ్రములోఁ బట్టని పండ్లుగల పొదను వెదకుఁడని చెప్పెను. దొరికిన పొదకుఁ గనుఁగొన్నవాని పేరే పెట్టెను. రూబ్ లీక్ అనువాఁడు చూపిన పొదకు, అతని పేరుచివర ఇంటిపేరులోని మొదటి హల్లును జేర్చి ‘రూబెల్’ అనిరి. నూఱుకుఁ బైగా తెచ్చిన పొదలలో నిలిచినవి కొలఁదియే. 1916లో ఆ తోఁటపండ్లు తొలిసారి విపణి కెక్కెను. కొవిల్ మేలిపొదలను సంకరము చేసి క్రొత్తరకములు పుట్టించెను.

గ్రంథములు ఈ యిరువురినే తలఁచును. ఏ బురదలో ఏ పొద యెట్లు కాయునో కాళ్లతో నెఱిఁగినవా రడవిజనులే కదా! మన బంగినపల్లి మామిడికి ఊరిపేరు దక్కినది. తొలిచెట్టును గుర్తించిన వాని పేరు ఎవరి నోటను లేదు.

మీలో నెవరైన మొక్క తెప్పింపఁ దలఁతురేమో, తొందరపడకుఁడు. చలి సోఁకక యీ పొద నిద్ర మేలుకొనదని కొవిలే తరువాతఁ గనిపెట్టెను. తక్కువ చలి చాలు రకములు ఫ్లారిడాలోఁ బుట్టినవి గాని, సున్నపు పాలుగల మన నల్లరేగడి వానికిని సరిపడదు.

మిగిలిన మొక్కను నేను పెకలించి, వేళ్లు కడిగి, పీటుమన్ను నింపిన తొట్టిలో నాటి, పైని దేవదారు జాతి చెట్ల సూదియాకులు పఱచితిని. మఱు వేసవికిఁ గాచినదని మావాఁడు తెలిపెను. తోడుమొక్క పుప్పొడి లేక కాపు పలుచన; పిల్లలకుఁ దలకొక గుప్పెఁడు వచ్చినదఁట. పంపిన ఛాయాచిత్రములోఁ గొమ్మకుఁ గట్టిన అంగడి చీటి కనఁబడినది. దానిపై ‘రూబెల్’ అని యున్నది.