గాజుతొట్టిలో కప్ప చుట్టం

మదనపల్లెలోనో పుంగనూరులోనో పునాది తవ్వుతుంటే ఎర్రమట్టిలోంచి సన్నగా, నల్లగా మెరుస్తూ ఏదైనా బయటపడితే పార పట్టినవాడు ముందు దాన్ని రెండు ముక్కలు చేస్తాడు. తర్వాతే అదేమిటని అడుగుతాడు. చాలాసార్లు అది విషంలేని గుడ్డిపాము. సిసీలియన్ అనే ప్రాణికి లోకమంతటా దక్కిన మర్యాదా ఇలాంటిదే. దానికి కాళ్లుండవు. కళ్లు చర్మం చాటున ఉంటాయి. ఒళ్లంతా వరసగా ఉంగరాలు తొడిగినట్టు మడతలు. నేలలో చూసినవాళ్లు పామన్నారు, ఎర్ర అన్నారు. నీళ్లలో చూసినవాళ్లు ఈల్ అన్నారు. నిజానికది ఉభయచరం, కప్పకు చుట్టం. దాని నీటి జాతి ఒకటి ఇళ్లలోని అక్వేరియంలోకి చేరింది కూడా ఈ పొరపాటు పుణ్యమానే.

పొరపడ్డవాళ్లు సామాన్యులేం కారు. 1758లో లిన్నేయస్ రెండు సిసీలియన్లకు పేర్లు పెట్టి, రెండింటినీ పాముల జాబితాలో రాసుకున్నాడు. వాటిలో ఒకటి మన పక్కనున్న శ్రీలంకది. 1831లో జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ ఒక పిల్ల సిసీలియన్ మెడ పక్కన మొప్పల రంధ్రాలు చూపించాక గానీ దాని కులగోత్రాల తగువు తేలలేదు. 1880లలో శ్రీలంకకు వెళ్లిన సారసిన్ సోదరులు (నిజానికి వరసకు మాత్రమే అన్నదమ్ములు) అక్కడి సిసీలియన్ తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని కాపలా కాయడాన్ని వివరంగా రాశారు. ఆ జాతి పిల్లలు కొంతకాలం నీళ్లలో పెరిగి, తర్వాత మట్టిలోకి వెళ్లిపోతాయి. భారతదేశంలో ఉన్నవీ ఈ మట్టి బాపతువే. తూర్పు కనుమల్లో సుమారు 1,200 మీటర్ల ఎత్తున దొరికిన జెగెనియోఫిస్ ఓరియెంటాలిస్‌ను శాస్త్రలోకం గుర్తించింది 2013లో. పుట్టింది మొదలు చచ్చేదాకా నీళ్లలోనే ఉండే సిసీలియన్ మన దేశంలో లేదు.

అలాంటివి ఉన్నది దక్షిణ అమెరికాలో. 1841లో పారిస్ పండితులు డ్యుమెరిల్, బిబ్రాన్ వాటిలో ఒకదాన్ని వర్ణించారు. టిఫ్లోనెక్టిస్ అనే ప్రజాతి పేరు 1880 ప్రాంతంలో వచ్చింది. ఇళ్లకు చేరిన జాతి టిఫ్లోనెక్టిస్ నటాన్స్. కొలంబియాలోని మగ్దలేనా, కౌకా నదులు దాని సొంతూళ్లు. రంగుచేపల వ్యాపారులు దాన్ని 'రబ్బర్ ఈల్' అని అమ్మారు. పుస్తకం చదివిన అభిమానులు కూడా చాలాకాలం దాన్ని పక్క జాతి పేరుతోనే పిలిచారు. పామని పేరు పెడితే కొనేవాడు దొరకడు. చేపంటే ఎవరికీ అభ్యంతరం లేదు!

చేపనుకుని తెచ్చినవాడికి అసలు సంగతి తొట్టిలో తెలుస్తుంది. అది మాటిమాటికీ పైకొచ్చి గాలి పీలుస్తుంది, ఎందుకంటే దానికి ఊపిరితిత్తులున్నాయి. కొంత శ్వాస చర్మం ద్వారా కూడా. అందుకే చేపలకు వేసే రాగి మందు, నీళ్లలోని క్లోరిన్, పేరుకున్న అమోనియా దీన్ని ముందుగా దెబ్బతీస్తాయి. మూత సందు దొరికితే రాత్రికి రాత్రే బయటపడి నేలమీద ఎండి చస్తుంది. గరుకు రాళ్లు దాని చర్మాన్ని గీరేస్తాయి, కింద మెత్తటి ఇసుక కావాలి. వాన పడ్డాక మన పెరట్లో కనిపించే ఎర్రలంటే దానికి ప్రాణం. చూపుతో పనిలేదు, వాసన పట్టుకునే వస్తుంది. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మదనపల్లె చలికాలపు రాత్రులకు హీటరు తప్పదు.

అన్నిటికన్నా వింత దాని కాన్పు. అది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. కడుపులోని పిల్లలు చిన్న పళ్లతో తల్లి గర్భనాళపు లోపలి పొరను గీరి తింటూ పెరుగుతాయి. పుట్టేటప్పుడు మెడ దగ్గర సంచుల్లాంటి పెద్ద మొప్పలుంటాయి. త్వరలోనే అవి రాలిపోతాయి. ఈ కాన్పును అక్వేరియం అద్దంలోంచి చూసినవాళ్లున్నారు. నన్నడిగితే దీన్ని పెంచడానికి సమర్థన అంటూ ఉంటే అదొక్కటే.

రెండు దెబ్బలు ఈ ముచ్చటకు నీడ తెచ్చాయి. కప్పల్ని ఊచకోత కోసిన కైట్రిడ్ బూజు అమెరికా జంతుశాలల్లోని ఈ సిసీలియన్లనూ చంపింది. నీళ్లను 32 డిగ్రీల వేడిలో మూడు రోజులుంచితే ఆ బూజు వదులుతుందని 2013లో పశువైద్యులు రాశారు. ఇక 2019లో ఫ్లోరిడాలోని టమియామి కాలువలో రెండడుగుల 'ఈల్' ఒకటి దొరికింది. డీఎన్‌ఏ చూస్తే టిఫ్లోనెక్టిస్ నటాన్స్! ఎవరో విసిగిపోయి వదిలేసినదే కావాలి. తొట్టిలో పాచి తింటుందని తెచ్చిన సక్కర్ చేప ఆంధ్ర చెరువుల్లోకి చేరి జాలరుల వలలు చించుతున్న సంగతి మనకు తెలిసిందే.

రంగుచేపల బజారు మనకు దూరమేం కాదు. కుప్పం చెన్నై, బెంగళూరు రైలుదారిలో ఉంది. రంగుచేపల పెంపకానికి పేరుపడ్డ కొళత్తూరు ఆ దారి చివర చెన్నైలోనే. ఎప్పుడైనా ఏ దుకాణంలోనైనా 'రబ్బర్ ఈల్' అని చూపిస్తే మెడ పక్కన చూడండి. ఈల్‌కు మొప్ప రంధ్రమూ, సాధారణంగా దాని వెనక పక్క రెక్కలూ ఉంటాయి. పెరిగిన సిసీలియన్‌కు మొప్ప రంధ్రం ఉండదు, పక్క రెక్కలు ఉండవు, ఒంటి మీద ఉంగరాలుంటాయి. ఇంకా అనుమానం ఉంటే కాసేపు అక్కడే నిలబడండి, అది గాలి కోసం పైకి వస్తుంది.