ఆ ఆకుపచ్చ అంకెలు రాసినవాళ్ళు

మా తాతయ్యకి ఒక చేతి గడియారం ఉండేది. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ దుప్పటి కింద దూరి దాన్ని చూసుకునేవాళ్ళం. చీకట్లో అంకెలు, ముళ్ళు ఆకుపచ్చగా వెలిగేవి. ఇంట్లో అందరూ దాన్ని ‘రేడియం వాచీ’ అనేవాళ్ళు. తర్వాత చదువు కోసం హైదరాబాదు వచ్చాక వీధివీధినా ‘రేడియం వర్క్స్’ అన్న బోర్డులు చూశాను. బండి నంబరు ప్లేటు మీద అంటించే, లైటు పడితే మెరిసే స్టిక్కర్లు అక్కడ కోసి ఇస్తారు. వాటిలో రేడియం రవ్వంత కూడా ఉండదు. అయినా మన భాషలో మెరిసేదల్లా రేడియమే. ఒక పదార్థం పేరు ఇంత దూరం ప్రయాణించి వచ్చినా, దాన్ని గడియారాలకు పూసిన చేతుల కథ దానితోపాటు రాలేదెందుకు? ఈ వ్యాసం ఆ ప్రశ్న వల్లనే పుట్టింది.

మేరీ క్యూరీ, పియరీ క్యూరీ రేడియాన్ని కనుగొన్నది 1898లో. కొద్ది ఏళ్ళలోనే అది వ్యాపార సరుకయింది. అది సర్వరోగ నివారిణి అని అమ్మారు, టానిక్కుల్లో కలిపారు. ఇక చేతి గడియారం విషయానికొస్తే, అది మొదట్లో ఆడవాళ్ళ ఆభరణం. మగవాళ్ళు జేబు గడియారం పెట్టుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధం దాన్ని మగవాడి చేతికి ఎక్కించింది. కందకాల్లో చీకట్లో టైము చూడాలి, అగ్గిపుల్ల గీస్తే శత్రువు గుండు దూసుకొస్తుంది. అందుకని వెలిగే డయల్ కావాల్సి వచ్చింది.

ఆ వెలుగు తయారీ చాలా సులువు. జింక్ సల్ఫైడ్ పొడిలో అతి కొద్ది రేడియం, నీళ్ళు, అతుక్కోవడానికి గమ్ అరబిక్. గమ్ అరబిక్ అంటే మరేం లేదు, మన తుమ్మబంక జాతిదే. రేడియం నుంచి వచ్చే కణాలు తగిలినప్పుడల్లా జింక్ సల్ఫైడ్ మెరుస్తుంది. 1917లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలో ఈ రంగు పూసే కర్మాగారం నడిచింది. యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్‌గా చరిత్రకెక్కిన సంస్థ అది. రంగు పేరు ‘అన్‌డార్క్’.

ఆ పనికి అమ్మాయిలనే తీసుకున్నారు. ఆడవాళ్ళ వేళ్ళు సున్నితమైనవి, ఓపిక ఎక్కువ అన్నారు. బీడీలు చుట్టే చోటా, అగ్గిపెట్టెలు చేసే చోటా మనం విన్న మాటే ఇది. సున్నితత్వాన్ని పొగిడినచోట కూలి ఎప్పుడూ ముక్కల లెక్కనే ఉంటుంది. అక్కడా అంతే, ఎన్ని డయళ్ళు పూస్తే అంత డబ్బు. ఒంటె వెంట్రుకల సన్నని కుంచె నాలుగు గీతలకే చెదిరిపోయేది. దాని మొనను పెదాల మధ్య పెట్టి తిప్పి సూదిగా చేసుకోమని నేర్పారు. పెదవికి కుంచె, కుంచెకి రంగు, రంగు డయల్‌కి, మళ్ళీ పెదవికి. రోజంతా అదే వరస.

మన ఇళ్ళల్లో ‘ఎంగిలి’ అన్న మాటకి ఎంత పట్టింపో అందరికీ తెలుసు. ఎవరి నోటి తడి ఎవరికి తగలకూడదో నేర్పుతూ మనల్ని పెంచుతారు. ఇక్కడ ఒక పరిశ్రమ మొత్తం ఆ అమ్మాయిల ఎంగిలి మీద నడిచింది. అదే సంస్థ ప్రయోగశాలలో రసాయన శాస్త్రజ్ఞులు సీసపు తెరల వెనక నిలబడి, పట్టకార్లతో ఆ పదార్థాన్ని ముట్టుకునేవారు. ప్రమాదం ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పనక్కర్లేదో వాళ్ళకి తెలుసన్నమాట.

రేడియం రసాయన స్వభావం కాల్షియం లాంటిది. శరీరం దాన్ని కాల్షియం అనుకొని ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడ కూర్చుని అది లోపలి నుంచి ఎముకని తినేస్తుంది. మొదట పళ్ళు కదిలాయి. తర్వాత దవడలు పుచ్చిపోయాయి. మోలీ మాగియా 1922లో 24 ఏళ్ళకు చనిపోయింది. మరణ పత్రంలో కారణం సిఫిలిస్ అని రాశారు.

ఈ ఒక్క మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. పెళ్ళికాని, సొంత సంపాదన ఉన్న అమ్మాయి అంతుచిక్కని జబ్బుతో పోతే, ఆ పత్రం కారణాన్ని వెతికింది ఆమె చేసిన పనిలో కాదు, ఆమె శీలంలో. 1927లో ఆమె సమాధి తవ్వి ఎముకలు పరీక్షించారు. సిఫిలిస్ జాడ లేదు. ఎముకల నిండా రేడియం. నిందని తుడవడానికి ఒక స్త్రీ శరీరం మట్టిలోంచి మళ్ళీ లేచి వచ్చి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

1925లోనే కౌంటీ వైద్యాధికారి హారిసన్ మార్ట్‌లాండ్ ఈ మరణాలకీ రేడియానికీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టాడు. గ్రేస్ ఫ్రయర్ అనే ఆమె లాయరు కోసమే రెండేళ్ళు తిరిగింది. 1927లో ఆమె, కేథరిన్ షాబ్, ఎడ్నా హస్‌మన్, మోలీ అక్కచెల్లెళ్ళు క్వింటా మెక్‌డొనాల్డ్, అల్బినా లారిస్ కలిసి దావా వేశారు. గాయమైన రెండేళ్ళలోపే దావా వెయ్యాలన్న కాలపరిమితిని సంస్థ అడ్డం పెట్టింది. విషమేమో ఏళ్ళ తర్వాతగానీ బయటపడదు! 1928 జూన్‌లో రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల పింఛను, వైద్య ఖర్చులు. గ్రేస్ 1933లో పోయింది. అప్పటికి ఆమెకి 34 ఏళ్ళు. ఇది రాస్తున్న నాకూ ఇప్పుడు 34.

ఇలినాయ్ రాష్ట్రం ఒటావాలో ఇంకో కర్మాగారం. అక్కడి కేథరిన్ డొనహ్యూ 1938లో విచారణ మధ్యలో కుప్పకూలితే, ఆమె ఇంట్లోనే, మంచం పక్కన విచారణ సాగించారు. ఆమె గెలిచింది. అదే ఏడాది జులైలో చనిపోయింది.

చరిత్ర వీళ్ళకి ‘రేడియం గర్ల్స్’ అని పేరు పెట్టింది. ఆ ‘గర్ల్స్’ నాకు మింగుడుపడదు. వాళ్ళు కార్మికులు, తల్లులు, ఫిర్యాదుదారులు. రచయిత కూడా ఉంది వాళ్ళలో. కేథరిన్ షాబ్ తన కథని తనే రాసుకుంది, 1932లో ఒక పత్రికలో అది అచ్చయింది. కార్మిక స్త్రీ ఆత్మకథ అనగానే మన సాహిత్య పాఠ్యాంశాల్లో ఎప్పుడైనా ఆ రచన ప్రస్తావన విన్నామా? మేరీ క్యూరీ కథ మాత్రం బడిపుస్తకాల్లో చదువుకున్నాం. ఆమె కూడా రేడియేషన్ తెచ్చిన రక్తహీనతతోనే 1934లో మరణించింది. కాకపోతే ఆమె మరణం త్యాగమైంది, వీళ్ళది దావా అయింది.

వాళ్ళ ఎముకలు తర్వాతివాళ్ళకి పనికొచ్చాయి. శరీరంలో రేడియం 0.1 మైక్రోగ్రాము మించకూడదన్న ప్రమాణాన్ని 1941లో ఈ స్త్రీల శరీరాల కొలతల నుంచే తీశారు. అణుబాంబు తయారీలో పనిచేసినవాళ్ళకి రక్షణ నియమాలు ఏర్పడింది ఆ అనుభవం మీదే. గడియారాల్లో రేడియం స్థానంలోకి ప్రొమీథియం, ట్రిషియం వచ్చాయి. 1990లలో రేడియోధార్మికత లేని స్ట్రాంషియం అల్యూమినేట్ వచ్చింది. అది పగటి వెలుగుని పీల్చి రాత్రి తిరిగిస్తుంది.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు తాతయ్య వాచీని బీరువాలోంచి తీశాను. అంకెలు గోధుమరంగుకి తిరిగాయి, చీకట్లో వెలగడం లేదు. అలాంటి పాత వాచీల్లో వెలుగు ముందు చచ్చిపోతుంది, ఎందుకంటే జింక్ సల్ఫైడ్ కొన్ని దశాబ్దాలకే పాడైపోతుంది. రేడియం మాత్రం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. తమ్ముడు దాన్ని విప్పి బాగుచేయిస్తానన్నాడు. వద్దురా, మూత తియ్యొద్దు అన్నాను.

పక్కనే అమ్మ కుట్టుపనిలో ఉంది. చీర ఫాల్స్ కుట్టీ కుట్టీ ఆమెకి చూపు మందగించింది. డాక్టరుకి చూపిస్తే, “వయసు మీద పడింది కదమ్మా, మామూలే” అన్నాడు. ఏం పని చేస్తావు, ఎన్ని గంటలు చేస్తావు అని ఆమెని ఒక్క మాట అడగలేదు.

అమ్మ దారం కొసని పెదాల మధ్య పెట్టి తడిపి, సన్నగా చేసి, సూది బెజ్జంలోకి ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది. “ఇలా ఇయ్యమ్మా, నేనెక్కిస్తా” అని సూది తీసుకున్నాను. నాకు తెలియకుండానే దారం కొస నా పెదాల దగ్గరికి వచ్చింది.