ఎయిర్‌బ్రష్ పుర్రె చిత్రణ

గాలి ఒత్తిడితో రంగును సన్నటి తుంపరగా చిమ్ముతూ పుర్రె బొమ్మలు వేసే కళ ఇది. ఎక్కువగా మోటారుసైకిల్ ట్యాంకులు, హెల్మెట్లు, గిటార్లు, టీషర్టుల మీద కనిపిస్తుంది. అంచులు స్టెన్సిల్‌తో తేలతాయి, గుండ్రదనం చేతివాటంతో వస్తుంది.

పనిముట్టు లేని కాలంలోనే పద్ధతి ఉంది. ఇండోనేషియాలోని సులవేసి గుహల్లో ఆదిమానవులు గోడకు అరచేయి ఆనించి, చుట్టూ రంగు చిమ్మి ముద్రలు వదిలారు. వాటిలో ఒకటి కనీసం 39,900 ఏళ్ల నాటిదని 2014లో తేల్చారు. అక్కడ చేయే స్టెన్సిల్.

పనిముట్టు మాత్రం ముఖాలకు మెరుగులు దిద్దడానికి పుట్టింది. ఫొటోలకు రంగులద్దే పరికరానికి 1876లో అమెరికాకు చెందిన ఫ్రాన్సిస్ ఎడ్గర్ స్టాన్లీ పేటెంట్ పొందాడు. ఆవిరి కార్ల స్టాన్లీ సోదరుల్లో ఒకడు ఇతడే. 1879లో అయోవాలో ఆబ్నర్ పీలర్ కుట్టుమిషను సూది, పాత చెంచా, చెక్కముక్కలతో మరొకటి తయారుచేశాడు. దాని హక్కులు కొన్న లిబర్టీ వాకప్ మెరుగుపరచి అమ్మకానికి పెట్టగా, అతని భార్య ఫీబీ దానికి ‘ఎయిర్‌బ్రష్’ అని పేరుపెట్టింది. చర్మం నునుపు చేయడానికి వచ్చిన సాధనం చివరికి చర్మం కింది ఎముక దగ్గరికి చేరడం ఈ చరిత్రలో తమాషా.

ఆ మలుపు 1950ల చివర్లో కాలిఫోర్నియా కార్ల ప్రదర్శనల్లో వచ్చింది. ‘బిగ్ డాడీ’ ఎడ్ రాత్ అక్కడ టీషర్టుల మీద భూతాల బొమ్మలు వేసి అమ్మేవాడు. అదే బాటలో వచ్చిన డెట్రాయిట్ చిత్రకారుడు స్టాన్లీ మౌస్, 1966లో ఆల్టన్ కెల్లీతో కలిసి గ్రేట్‌ఫుల్ డెడ్ బృందానికి గులాబీల కిరీటం పెట్టుకున్న అస్థిపంజరం పోస్టరు చేశాడు. ఆ బొమ్మ వాళ్ల సొంతం కాదు. ఒమర్ ఖయ్యాం రుబాయీలకు ఎడ్మండ్ సలివాన్ వేసిన చిత్రం నుంచి తీసుకున్నది. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’గా తెలుగువారికి అందించిన ఖయ్యామే ఆయన. 1973లో స్విస్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ ‘బ్రెయిన్ సలాడ్ సర్జరీ’ ఆల్బమ్ అట్ట మీద పుర్రెను యంత్రంలో బిగించి చూపించాడు. ఎయిర్‌బ్రష్‌కు అంత చలి పుట్టించే శక్తి ఉందని అప్పటిదాకా చాలామందికి తెలియదు. తర్వాత అమెరికన్ చిత్రకారుడు క్రెగ్ ఫ్రేజర్ ‘స్కల్ మాస్టర్’ పేరుతో పుర్రెల స్టెన్సిళ్లే రూపొందించాడు.

పని ఇలా సాగుతుంది. నల్లటి ట్యాంకు మీద స్టెన్సిల్ ఆనించి కంటి గుంతలు, తిరగేసిన హృదయాకారంలో ఉండే ముక్కు రంధ్రం, పళ్ల వరుస చుట్టూ పలచగా తెలుపు కొడతారు. ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వస్తాయి. స్టెన్సిల్‌ను కాస్త పైకెత్తి కొడితే అంచు మెత్తబడుతుంది. తర్వాత దాన్ని పక్కన పెట్టి కణతల లోతు, చెంప ఎముక కింది నీడ, నుదుటి పగుళ్లు ఉత్త చేత్తోనే దించాలి. నాజిల్ దగ్గరపెడితే సన్నగీత, దూరం జరిపితే పొగమంచు. మరీ దగ్గరికి తెచ్చి పలచటి రంగు ఎక్కువగా వదిలితే అది సాలీడు కాళ్లలా పాకుతుంది. అన్ని అంచులూ స్టెన్సిల్‌కే వదిలేస్తే వచ్చేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ‘అపాయం’ బోర్డు మీది పుర్రె: గుర్తుపడతాం కానీ జంకం.

చివరగా బొమ్మ మీద క్లియర్ కోట్ కొడతారు. రెండు భాగాలు కలిపి వాడే రకాల్లోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెచ్చిపెడతాయి. ముక్కుకు రుమాలు కట్టుకుంటే అవి ఆగవు.