స్టెప్నీ ఉంది, జాకీ ఏది?



మన బరంపురంలో తెలుగువాళ్లని అడిగినా ఒడియావాళ్లని అడిగినా బండిలో ఉండే అదనపు చక్రాన్ని స్టెప్నీ అనే అంటారు. డ్రైవరు, పంక్చరు షాపు కుర్రాడు, బండ్లు అమ్మిపెట్టే దళారీ, అందరిదీ అదే మాట. ఇంగ్లిషు మాటే కదా అనుకుంటాం. కానీ ఇవాళ లండన్‌లో ఎవరినైనా స్టెప్నీ ఎక్కడ అని అడిగితే ఆ పేరున్న పేటకు దారి చూపిస్తారు. మన మాటకు ఆ పేటతో సంబంధం లేదు. అది వేల్స్‌లో లనెల్లి అనే ఊళ్లోని ఒక వీధి పేరు. ఆ స్టెప్నీ వీధిలోనే 1904 ప్రాంతంలో థామస్ మోరిస్ డేవిస్, వాల్టర్ డేవిస్ అనే అన్నదమ్ములు ఒక అదనపు చక్రం చేసి అమ్మడం మొదలుపెట్టారు.

దాని అవసరం ఎందుకొచ్చిందో తెలిస్తే మన పని ఎంత సులువైందో అర్థమవుతుంది. జాన్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నది 1888లో. ఆ టైర్లు కార్లకు ఎక్కిన తొలి రోజుల్లో చక్రాన్ని ఊడదీసే వీలు లేదు. రోడ్ల నిండా గుర్రపు నాడాల మేకులు. పంక్చరైతే చక్రం బండికి ఉండగానే ఇనప పట్టీలతో టైరు అంచు పెకిలించి, ట్యూబు లాగి, ప్యాచీ వేసి, మళ్లీ ఎక్కించి, చేతి పంపుతో గాలి కొట్టాలి. అదీ రోడ్డు పక్కన, వానలో అయినా సరే. డేవిస్ సోదరుల చక్రానికి, మన ఎడ్లబండి భాషలో చెప్పాలంటే, ఆకులు లేవు, కుండ లేదు. గాలి నింపిన టైరు ఎక్కించిన ఉత్త రిమ్ము. పంక్చరైన చక్రం పక్కన దాన్ని ఆనించి, కొక్కేలతో బిగించి, ఇంటికి పోవడమే.

కొన్నేళ్లకే నట్లు విప్పి చక్రం మొత్తం మార్చే పద్ధతి వచ్చింది. లనెల్లి చక్రం పని అయిపోయింది. పేరు మాత్రం మన దేశంలో ఉండిపోయింది. బ్రెజిల్‌లో కూడా ఉంది, వాళ్లు ఎస్తెపి అంటారట. అయితే ఈ కొత్త పద్ధతి ఒక బరువు తెచ్చిపెట్టింది. బండి పైకి లేపాలి, నట్లు ఊడదీయాలి. అంటే జాకీ, పానా. ఆ రెండూ లేకపోతే స్టెప్నీ ఉన్నా లేనట్టే.

మన ఊరికి ఇది బాగా తెలిసిన సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. పాలన మారింది గానీ మద్రాసు–కలకత్తా దారి మన మీదుగా పోవడం మారలేదు. చాలాకాలం ఎన్‌హెచ్ 5, 2010 తర్వాత ఎన్‌హెచ్ 16. యుద్ధకాలంలో, 1942లో మలయా జపాను చేతికి పోయాక రబ్బరుకు కరువొచ్చింది. టైరు పోతే ఇంకో టైరు దొరకని రోజులు. బొగ్గు బస్సుల కథలు మన పెద్దలు చెబుతూనే ఉంటారు. తర్వాత లారీల కాలం వచ్చింది. టాటా, బెంజ్ కంపెనీలు 1954లో కలిసి 1969లో విడిపోయాయి. అయినా మనం ఈనాటికీ టాటా బెంజ్ స్క్వేర్ అనే అంటున్నాం. స్టెప్నీ లాగే ఇదీ, కంపెనీ పోయినా పేరు పోలేదు. ఆ లారీలకు క్లీనర్ ఉండేవాడు. జాకీ, పానా, చక్రాల అడ్డు చెక్కలు అన్నీ అతని బాధ్యత. కార్లకు క్లీనర్ లేడు. అందుకే చేతులు మారిన ప్రతిసారీ డిక్కీలోంచి ఒక్కో సామాను తగ్గుతుంది.

పెద్దవాళ్లను విశాఖ ఆసుపత్రులకు తీసుకెళ్లడానికి మన సంఘం కొన్న పాత వ్యానుదీ అదే కథ. బేరం రోజునే చూశాం. స్టెప్నీ ఉంది, మిగతావి లేవు. ఆ మేరకు ధర తగ్గించి తీసుకున్నాం. పోను రాను దాదాపు అయిదున్నర వందల కిలోమీటర్లు. డయాలసిస్ మనిషిని కూర్చోబెట్టుకుని పలాస దగ్గర రాత్రిపూట మెకానిక్ కోసం వెతికే పరిస్థితి రాకూడదని కొత్త సెట్టు కొనకుండా ఒక్కొక్కటీ కూడబెట్టాం.

జాకీ పాత సామాన్ల దుకాణంలో దొరికింది, కత్తెర రకం. పాత జాకీ కొనేటప్పుడు దాని మీద రాసి ఉన్న బరువు చూడాలి, మరను పూర్తిగా పైకి, కిందికి తిప్పి చూడాలి. ఒక్క చోట పట్టినా వద్దు. పానా మాత్రం కొత్తదే, ప్లస్ గుర్తు ఆకారంది. మామూలు కార్ల నట్లకు ఎక్కువగా 19 లేదా 21 సైజు పడుతుంది. బండి దగ్గర పెట్టి చూసి కొనడమే మంచిది, వదులుగా ఉంటే నట్టు మూలలు అరిగిపోతాయి. కంపెనీ ఇచ్చే పొట్టి పానాతో మన వయసువాళ్లు నట్టు కదిలించలేరు. అందుకే దాని చేతికి తొడిగేలా రెండడుగుల ఇనప గొట్టం కూడా పెట్టాం. పైసా ఖర్చు లేని సామాను రెండు. జాకీ కింద వేయడానికి మందపాటి చెక్క, ఎందుకంటే వానాకాలం రోడ్డు పక్క మట్టిలో జాకీ దిగబడిపోతుంది. చక్రాలకు అడ్డు పెట్టే రెండు కోసు చెక్కలు, ఇవి మన సభ్యులైన వడ్రంగి ఒకరు చేసిచ్చారు. తలకు కట్టుకునే లైటు, ఎర్ర త్రికోణం, గాలి కొలిచే గేజీ కొన్నాం. అంతా కలిపి కొత్త టైరు ఒక్కదాని ఖర్చు కాలేదు.

తర్వాత ఒక ఆదివారం ఆవరణలోనే చక్రం మార్చి చూశాం. నట్లు చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి, పైకి లేపాక కాదు. లేపిన బండి కిందకి ఎవరూ దూరకూడదు. బిగించేటప్పుడు వరసగా కాక ఎదురెదురు నట్లు బిగించాలి. స్టెప్నీ వ్యాను కింద వేలాడేది కాబట్టి దాన్ని దించే మర తుప్పు పట్టి పదిహేను నిమిషాలు తిన్నది. గోపాలపూర్ ఉప్పుగాలి మనకు పదహారు కిలోమీటర్ల దూరంలోనే ఉంది మరి. దానికి గ్రీజు పెట్టాం. టైరు పక్కన నాలుగంకెలు కూడా చదివాం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం చేసినది అని అర్థం. మన స్టెప్నీ అరుగు బాగానే ఉన్నా వయసు మీరింది, మార్చాం.

ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే పరికరం, పంక్చరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. మన వ్యానుకు అవేవీ లేవు కాబట్టి అది మనకు వర్తించదు.

సామానంతా డ్రైవరు సీటు వెనక ఎర్ర సంచిలో ఉంది. బండి తీసుకెళ్లేవాళ్లు వెళ్లేముందు, వచ్చాక లెక్క చూసి పుస్తకంలో సంతకం పెట్టండి. మొత్తం తొమ్మిది.