నిలిపి ఉంచిన వాహనాలలో సొత్తు – జాగ్రత్తలు

త్రిపురారం: నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు గ్రామాలలో ధాన్యం సొమ్ము ఖాతాలలో జమ అయ్యే రోజులలో రైతులు మరింత అప్రమత్తంగా ఉండవలసి ఉన్నది. బ్యాంకులో తీసుకున్న నగదును ద్విచక్ర వాహనం డిక్కీలో పెట్టి ఎరువుల దుకాణం వద్దనో, హోటల్ వద్దనో ఆగడం పరిపాటి. దొంగలకు ఆ ఐదు నిమిషాలే చాలు. డిక్కీ తాళం చాలా వాహనాలకు నామమాత్రమే. కొందరు బ్యాంకు నుంచే వెంబడించి, నోట్లు క్రింద పడినవనో, టైరులో గాలి పోయినదనో చెప్పి దృష్టి మళ్లిస్తారు. అటువంటి మాట వినగానే ముందు సంచిని చేతబట్టి, ఆ తరువాతనే టైరు వైపు చూడవలెను. పెద్ద చెల్లింపులు ఖాతా ద్వారానే జరపడం ఉత్తమం. పట్టాదారు పాసుపుస్తకాన్ని సయితం డిక్కీలో వదలరాదు. కారులోనైతే సంచి అద్దాలలోంచి కనబడరాదు.

వాహన బీమా సాధారణంగా లోపలి సొత్తుకు వర్తించదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ క్రింద దొంగతనానికి మూడేళ్ల వరకు, సరుకు లేదా ప్రయాణికుల రవాణా వాహనం నుంచి అపహరిస్తే 305వ సెక్షన్ క్రింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉన్నది.

చోరీ జరిగినచో వేలిముద్రలు చెరగకుండా వాహనాన్ని తాకక 112కు ఫోన్ చేయవలెను. చోరీ మిర్యాలగూడలో జరిగినప్పటికీ త్రిపురారం పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయవచ్చును. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వవలసి ఉన్నది.